పెట్టెలో పట్టినంత వరద

ఇకమీదట వరద ప్రజల గుమ్మంలోకి రాకముందే వాళ్ళ చేతిలోని ఫోన్‌లోకి వస్తుందని జలవనరుల మంత్రిగారు ప్రకటించారు. ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ వరదను ఇంత త్వరగా ప్రజలకు అందించలేకపోయిందని కూడా అన్నారు. సభలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. రెండో వాక్యంలో ఏదో తేడా ఉందని అనుమానం వచ్చినవాళ్ళు కూడా, అందరూ కొడుతున్నారు కదా అని కొట్టారు.

ఆ రెండు వాక్యాలూ రాసింది మంత్రిగారి పౌరసంబంధాల అధికారి. ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ ఆఫీసులో దాని అవసరం ఎవరికీ పడలేదు. మంత్రిగారి మీద పత్రికల్లో ఏది వచ్చినా పొద్దు తిరిగేలోగా ఖండన పంపడం ఆయన పని. అందుకని ఆయన్ని ఖండనగారు అనేవారు. మొదట చాటున అన్నారు, తరవాత మొహం మీదే అన్నారు. ఆయన ఖండించలేదు.

ఖండనగారి ప్రతిభ సామాన్యమైనది కాదు. ఒకసారి మంత్రిగారు ఒక సభకు ఇంకా కారులో వెళ్తుండగానే, అక్కడ ఆయన మాట్లాడిన మాటల్ని పత్రికలు వక్రీకరించాయని ఖండన వెళ్ళిపోయింది. మంత్రిగారు వెళ్ళి సరిగ్గా ఆ మాటలే మాట్లాడారు. అలాంటి మనిషికి, జనం ఫోన్‌లో తెరిచి చూసుకునే శాఖ వెబ్‌సైటులోని వరద పేజీ బాధ్యత అప్పగించడంలో ఆశ్చర్యం లేదు.

పేజీ చూడముచ్చటగా ఉండేది. పైన శాఖ పేరు. దాని కింద ‘ముంపు హెచ్చరిక ఉన్న వీధులు’ అని ఒక పెట్టె. పెట్టె కింద చెయ్యి ఊపుతూ మంత్రిగారి ఫొటో. పెట్టె ఎంత ఎత్తుండాలన్న దాని మీద పెద్ద చర్చే జరిగింది. కాస్త పొడుగ్గా పెడదామని కంప్యూటర్ సెక్షన్ వాళ్ళు అన్నారు. అంత పెద్ద పెట్టె పెడితే వరద వస్తుందని మనమే ఒప్పుకున్నట్టు అవుతుందని ఖండనగారు అన్నారు. దాంతో పెట్టె చిన్నదయింది. అందులో పై వరసలు మాత్రం ముందే నిండిపోయాయి. మంత్రిగారి పార్టీ ఆఫీసు ఉన్న వీధి, వియ్యంకుడి వీధి, వియ్యంకుడి తమ్ముడి వీధి ఎప్పుడూ మొదట ఉండాలని ఆదేశం. అవి మూడూ గుట్ట మీది వీధులే. అయినా జాగ్రత్త పడటంలో తప్పేముంది?

వానలు పట్టుకున్నాయి. ఏరు నిండింది. ఏటిగట్టు మీద కొలతలు చూసే ఉద్యోగులు ఏ వీధికి ముప్పు ఉందో టైపు చేసి పంపుతుంటే ఆ పేర్లు వచ్చి పెట్టెలో పడుతున్నాయి. మొదటి రోజు పెట్టె నిండుగా, కళగా ఉంది. మర్నాడు పేర్లు పెట్టె అడుగు దాటి కిందికి కారడం మొదలుపెట్టాయి. కింద ఉన్నది మంత్రిగారి ఫొటో. గాజు ఫ్యాక్టరీ సందు ఆయన నుదుటి మీద, వంతెన కింద వీధి ముక్కు మీద, పాత గోదాముల వీధి సరిగ్గా మీసం మీద పడ్డాయి. ఊపుతున్న చెయ్యి మీద మురుగుకాలవ రోడ్డు.

ఒక పత్రిక ఆ పేజీని ఉన్నదున్నట్టు అచ్చేసి, పైన ‘మంత్రి ముఖం దాకా నీళ్ళు’ అని పెట్టింది. మంత్రిగారి ముఖం పూర్తిగా పొడిగా ఉందని ఖండనగారు గంటలో ఖండన పంపారు. ఆ తరవాత మంత్రిగారి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఖండనగారు మేడ దిగి కంప్యూటర్ సెక్షన్‌కి వెళ్ళారు. అది మెట్ల కింద గది. అందులో పేజీలు కట్టే ఇంజనీరమ్మ ఒకావిడ, పని చెయ్యని ఏసీ ఒకటి, కప్పులోంచి కారే నీళ్ళ కింద ఒక బకెట్టు ఉంటాయి. ఇంజనీరమ్మ మధ్యాహ్నం పూట బిస్కెట్లు టీలో ముంచుకుని తింటుంది. ఆ సమయంలో ప్రభుత్వం మారినా లేవదని ఆవిడకు పేరు.

విషయం విని, ఇది మామూలేనని ఆవిడ చెప్పింది. పెట్టెకి ఎత్తు బిగించేసి, అందులో పట్టనంత సరుకు పోస్తే పొర్లుతుంది. పొర్లినదాన్ని ఏం చెయ్యాలో పేజీకి మనం చెప్పాలి. ఏమీ చెప్పకపోతే విజిబుల్ అన్నట్టే లెక్క, పొర్లినదంతా కనపడుతూ ఎక్కడ పడితే అక్కడ పరుచుకుంటుంది. ఇప్పుడు జరుగుతున్నది అదే. స్క్రోల్ అని రాస్తే పక్కన కడ్డీ వస్తుంది, జనం వేలితో జరుపుకుని కిందివి చదువుకుంటారు. ఆటో అని రాస్తే అవసరం పడినప్పుడే ఆ కడ్డీ వస్తుంది. లేదా పెట్టెకి బిగించిన ఎత్తు తీసేస్తే సరుకును బట్టి పెట్టే పెరుగుతుంది.

“పెరిగితే ఫొటో ఏమవుతుంది?” అని అడిగారు ఖండనగారు.

“కిందికి దిగుతుంది సార్.”

ఖండనగారు ఫోన్‌లో మంత్రిగారికి వివరించారు. నన్ను దించడానికి ఎంతమంది నుంచి డబ్బు తిన్నారని మంత్రిగారు అడిగారు. ఆ మార్గం అక్కడితో మూసుకుపోయింది. స్క్రోల్ మాట ఎత్తితే, ఆ కడ్డీ చూడగానే కింద ఇంకా ఉందని జనానికి తెలిసిపోదా అన్నారు. రాజకీయాల్లో ఊరికే పైకి రారు ఎవరూ. ఖండనగారు తల ఊపి, ఇంకేమైనా ఉందా అని ఇంజనీరమ్మని అడిగారు.

“హిడెన్ అని ఒకటుంది సార్. పెట్టె అంచు దగ్గర కోసేస్తుంది. కడ్డీ రాదు, ఏమీ రాదు. చూసేవాళ్ళకి అంతే ఉన్నట్టుంటుంది.”

“అంటే ఆ పేర్లు చెరిపేస్తున్నామా?”

“చెరపం సార్. అన్నీ ఉంటాయి. కనపడవంతే.”

ఉంటాయి, కనపడవు. ఖండనగారు ఆ మాటను ఒకటికి రెండుసార్లు అనుకున్నారు. ఇన్నేళ్ళ సర్వీసులో తను పడుతున్న పాట్లన్నిటికీ ఒక్క మాటలో విధానం దొరికినట్టయింది ఆయనకు. మంత్రిగారు వెంటనే ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమే కాదు, శాఖ మొత్తం పేజీలో ఎన్ని పెట్టెలుంటే అన్నిటికీ ఇదే వర్తింపజేయాలనీ, పెట్టెకో పద్ధతి పెట్టడానికి ఇదేమీ సంత కాదనీ అన్నారు. ఇంజనీరమ్మ బిస్కెట్ పక్కన పెట్టి ఒకే ఒక్క చోట ఒకే ఒక్క మాట రాసింది. మంత్రిగారి ముఖం తుడిచినట్టు తేటపడింది.

ఫలితాలు ఆ సాయంత్రానికే కనిపించాయి. ముంపు హెచ్చరిక ఉన్న వీధులు సగానికి పైగా తగ్గాయి. ఏరు పెరుగుతున్నా వీధులు పెరగకపోవడం శాఖ చరిత్రలో ఇదే మొదలని మంత్రిగారు శాసనసభలో చెప్పారు. వరదను ఒక పరిధిలో కట్టడి చేశామన్నారు. పరిధి ఎంత అని ప్రతిపక్షం అడిగితే, ఖండనగారు చీటీ అందించారు. పేజీలో చూసుకోవచ్చని మంత్రిగారు చదివారు. రోడ్ల శాఖ వాళ్ళు, ఆసుపత్రుల శాఖ వాళ్ళు కంప్యూటర్ సెక్షన్‌కి వచ్చి ఆ మాట స్పెల్లింగు రాసుకుని వెళ్ళారు.

పడవలు కూడా పేజీని బట్టే వెళ్ళాయి. వరద కంట్రోల్ రూమ్‌లో గోడ మీద ఆ పేజీనే పెద్ద తెర మీద వేసుకుని కూర్చునేవారు. పేజీలో మొదట ఉన్న వీధులకి మొదట పడవలు. గుట్ట మీద మూడు వీధుల్లోనూ పడవలు, తెడ్లు, లైఫ్ జాకెట్లు వేసుకున్న సిబ్బంది ఏ క్షణానికైనా సిద్ధంగా ఉన్నారు. పిల్లలు ఆ పడవలెక్కి ఆడుకుంటుంటే సిబ్బంది దింపుతున్నారు.

మర్నాడు మధ్యాహ్నం, మంత్రిగారి గదిలో విజయం మీద పత్రికా ప్రకటన రాస్తుండగా, ఖండనగారికి వాళ్ళ అక్క ఫోన్ చేసింది.

అక్క గాజు ఫ్యాక్టరీ సందులో ఉంటుంది. బావ పోయాక ముందు గదిలో మిషన్ పెట్టుకుని ఫ్యాక్టరీ వాళ్ళకి యూనిఫారాలు కుడుతుంది. ఆ మిషన్ మీదే ఖండనగారు కాలేజీ దాకా చదువుకున్నారు. ఈ సంగతి ఆయన ఎప్పుడూ దాచలేదు, ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు.

“ఒరే చిన్నోడా, మా సందులోకి నీళ్ళొస్తున్నాయిరా. ఎటైనా పొమ్మంటారా, ఇక్కడే ఉండమంటారా? నువ్వక్కడే కదా ఉండేది, కనుక్కుని చెప్పు.”

ఖండనగారు ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో బల్ల మీది కంప్యూటర్‌లో పేజీ తెరిచారు. పెట్టె పై నుంచి కింది దాకా చదివారు. ఆయన మనసు తేలికపడింది. ఇది అబద్ధం కాదు. పెట్టెను తనే కోయించానన్న విషయం ఆయనకు గుర్తుంది. అయినా అచ్చులో కనపడిన దాన్ని నమ్మడం ఆయనకు ఉద్యోగరీత్యా అలవాటయిపోయింది.

“మీ సందు లేదక్కా. కంగారు పడకు.”

“మరి నా కాళ్ళ కింద ఉన్నదేంట్రా?”

“అది వాననీళ్ళయి ఉంటాయి. వరద కాదు.”

వాననీళ్ళయితే గుమ్మంలోంచి చేపపిల్ల ఎలా వచ్చిందని అక్క అడిగింది. తరవాత, మిషన్‌ని మంచం మీదికి ఎక్కించాలి, ఉంటానని పెట్టేసింది.

చేపపిల్ల మాట ఖండనగారి చెవిలో ఉండిపోయింది. ప్రకటనలో ఒక వాక్యం రాసి కొట్టేశారు. ఇంకోటి రాసి కొట్టేశారు. చివరికి కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి, గాజు ఫ్యాక్టరీ సందుకి ఒక పడవ పంపమన్నారు. పేజీలో లేదండీ అన్నారు అక్కడివాళ్ళు. లేకపోయినా పంపమన్నారు ఈయన. పేజీలో లేని వీధికి పడవ పంపితే, ఆ వీధిలో వరద ఉందని మేం చెప్పినట్టవుతుంది కదండీ, రేపు ఖండన మీరే ఇస్తారు కదండీ అన్నారు. ఆ మాట నిజమే. వాళ్ళకి ఆ క్రమశిక్షణ నేర్పింది ఆయనే.

మెట్లు దిగి ఇంజనీరమ్మ దగ్గరికి వెళ్ళారు. గాజు ఫ్యాక్టరీ సందు మొన్నటి నుంచే ఉందనీ, అంచుకి కొంచెం కిందనే ఉందనీ ఆవిడ చూపించింది. ఆ ఒక్కటీ పైకి తీసుకురావడం కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది, కాకపోతే అది పైకి వస్తే పైనున్నది ఒకటి కిందికి పోతుంది, ఏది పంపమంటారని ఆవిడ అడిగింది. ఖండనగారు పెట్టెలోకి చూశారు. పార్టీ ఆఫీసు, వియ్యంకుడు, వియ్యంకుడి తమ్ముడు. ఆ కింద ఒక ఎమ్మెల్యే వీధి, ఆ కింద పత్రికాధిపతి వీధి. ఎటు చూసినా పెద్దవాళ్ళే. ఆలోచించి చెప్తానని మేడ మీదికి వచ్చేశారు. ఆలోచిస్తూనే విజయ ప్రకటన పూర్తి చేశారు. అది చాలా బాగా వచ్చిందని తరవాత అందరూ అన్నారు.

గాజు ఫ్యాక్టరీ సందులో వాళ్ళని ఎవరూ కాపాడలేదనడం అన్యాయం. అక్క పక్కింట్లో ఒక ముసలి తాపీమేస్త్రీ ఉండేవాడు. ఆయన తన వంటింటి తలుపు ఊడబెరికి, దానికి ఫ్యాక్టరీ చెక్కపెట్టెలు కట్టి, ఒక్కొక్కరినీ దాని మీద కూర్చోబెట్టి ఎత్తు రోడ్డుకి చేర్చాడు. అక్కని కూడా అలాగే చేర్చాడు. ఇంకో ట్రిప్పు ఉందని వెనక్కి వెళ్ళాడు. తలుపు మాత్రం రెండు రోజుల తరవాత ఏటికి కింది వైపున దొరికింది. ఆయన దొరకలేదు.

అక్క తమ్ముడి ఇంటికి వచ్చింది. సందులో ఆమె ఇల్లు పునాదుల దాకా కూలింది. మిషన్ మంచంతో సహా పోయింది, కళ్ళజోడు కూడా పోయింది. మరదలు ఇచ్చిన చీర కట్టుకుని బాల్కనీలో కూర్చునేది. అన్నం పెడితే తినేది. మేస్త్రీ గురించి ఒకసారి చెప్పి, ఇంక చెప్పలేదు. పేజీలో పేరున్న వీధులకి రేకులు, ఇటుకలు, సిమెంటు ఇస్తున్నారని తెలిసి, మా సందు పేరు కూడా వేయించరా చిన్నోడా అని అడిగింది. ఆమె తమ్ముణ్ణి ఏదైనా అడగడం అదే మొదలు.

ఖండనగారు మంచి సమయం చూసి మంత్రిగారి చెవిన వేశారు. ఇప్పుడు ఆ వీధి పేరు వేస్తే సభలో నేను చెప్పింది అబద్ధమవుతుంది, నేను అబద్ధం చెప్పానా అని మంత్రిగారు అడిగారు. లేదండీ అన్నారు ఖండనగారు. మరింకేం అన్నారు మంత్రిగారు. సంభాషణ అక్కడితో అయిపోయింది.

ఈలోగా పత్రికలు గోల చేస్తే ప్రభుత్వం ఒక ఏకసభ్య కమిటీ వేసింది. ఆ ఏకసభ్యుడు ఎవరి మాటా వినని రిటైర్డ్ జడ్జి. ఆయన ఒంటి చేత్తో విచారించి, మొహమాటం లేకుండా నివేదిక రాసి, దాన్ని శాఖ పేజీలోనే పెట్టాలని షరతు పెట్టాడు. షరతు ప్రకారం పెట్టారు. ‘కమిటీ నిర్ధారణలు’ అని ఒక పెట్టె కట్టి నివేదిక మొత్తం అందులో పోశారు. అది చదివినవాళ్ళకి, సహాయక చర్యలు సకాలంలో అందకపోవడానికి ప్రత్యక్షంగా బాధ్యత వహించవలసిన అధికారి, అన్నంతవరకూ కనపడింది. అక్కడ పెట్టె అయిపోయింది.

మిగతాది ఇంజనీరమ్మ తన తెర మీద చూపించింది. ఖండనగారి అసలు పేరు, ఇంటిపేరుతో సహా, తప్పులు లేకుండా ఉంది. చాలా ఏళ్ళ తరవాత దాన్ని పూర్తిగా చూసుకోవడంతో ఎవరిదో అనిపించింది ఆయనకు.

ఇంజనీరమ్మ చెడ్డ మనిషి కాదు. ఆయన అక్క సంగతి ఆవిడకు తెలుసు. ఒక్క మాట మారిస్తే చాలు సార్, నేను మార్చేస్తాను, ఎవరు అడిగినా పొరపాటున జరిగిందని చెప్తాను, మీ అక్కగారి సందు కనపడుతుంది, రూలు ప్రకారం ఇటుకలు సిమెంటు ఇచ్చి తీరాలి అంది.

“ఆ ఒక్క పెట్టే తెరుచుకుంటుందా?”

“అన్నీ తెరుచుకుంటాయి సార్. పెట్టెకో పద్ధతి వద్దన్నారు కదా. విడదీసి రాయాలంటే పైనుంచి ఆర్డరు కావాలి.”

“కమిటీ పెట్టె కూడానా?”

“అది కూడా.”

ఖండనగారు కుర్చీలో కూర్చున్నారు. బకెట్టు నిండి పొర్లుతుంటే ఇంజనీరమ్మ లేచి వెళ్ళి దాన్ని పారబోసి వచ్చింది. ఆయనకు అక్క గుర్తొచ్చింది. నిజంగానే గుర్తొచ్చింది. పరీక్ష ఫీజు కట్టాల్సిన రోజున అక్క మిషన్ తొక్కుతూ నిద్రపోతే సూది వేలిలో దిగింది. ఆ వేలికి గుడ్డ చుట్టుకుని ఆమె మళ్ళీ తొక్కింది. అంత బాధలోనూ ఖండనగారు కర్తవ్యం మరిచిపోలేదు. వ్యక్తిగతమైన వాటి కోసం ప్రభుత్వ విధానాన్ని మార్చడం పద్ధతి కాదన్నారు. అలాగే ఉంచెయ్యమ్మా అన్నారు. ఇంజనీరమ్మ ఆయన వైపు ఒక్కసారి చూసి, టీ కలుపుకోవడానికి వెళ్ళింది.

ఇంటికి వెళ్ళాక, చూస్తున్నారక్కా, పైస్థాయిలో ఉంది అని చెప్పారు. ఆ రెండూ అక్షరాలా నిజాలే.

నెల తిరక్కుండానే ‘వరద సోకని వీధుల కృతజ్ఞతా సభ’ ఏర్పాటయింది. పేజీలో పేరు లేని వీధుల నుంచి, అంటే ప్రభుత్వం సురక్షితంగా కాపాడిన వీధుల నుంచి, ఒక్కొక్క ప్రతినిధిని వేదిక మీదికి పిలిచి మంత్రిగారు బహుమతి ఇస్తారు. ఆలోచన ఖండనగారిదే. చిక్కల్లా ప్రతినిధులతో వచ్చింది. పిలుద్దామని వెళ్ళిన సిబ్బందికి ఆ వీధుల్లో పిలవడానికి మనుషులు దొరకలేదు, కొన్నిచోట్ల వీధులే దొరకలేదు. రోజు దగ్గర పడుతుంటే శాఖ ఉద్యోగులే తలా ఒకరిని తెచ్చుకోవాలని సర్క్యులర్ వెళ్ళింది. ఖండనగారు ఆదర్శంగా ఉండాలని తన అక్కనే తీసుకువచ్చారు.

అక్క మారుమాట లేకుండా వచ్చింది. మంత్రిగారు ఎదురుగానే ఉంటారు కదా, నేనే నోరు విడిచి అడుగుతానులే అంది. ఖండనగారు వెంటనే పెన్ను తీశారు. మా సందు క్షేమంగా ఉంది, మంత్రిగారికి ధన్యవాదాలు అని ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చేతిలో పెట్టారు. కళ్ళజోడు లేదు కదరా, నాకేం కనపడుతుంది అని ఆమె దాన్ని మడిచి తిరిగి ఇచ్చేసింది.

హాలు నిండా మనుషులు. కెమెరాలు. గాజు ఫ్యాక్టరీ సందు అని మైకులో పిలిచారు. అక్క మెల్లగా మెట్లెక్కింది. బహుమతి ఒక గోడ గడియారం, అంకెల మధ్య చెయ్యి ఊపుతూ మంత్రిగారు. గడియారం ఆమె చేతుల్లో పెట్టి, కెమెరా వైపు తిరిగి, మంత్రిగారు ఆప్యాయంగా అన్నారు.

“ముందు గదిలో, వచ్చిన వాళ్ళందరికీ కనపడేట్టు గోడకి తగిలించుకో తల్లీ.”

“గోడ లేదండీ,” అంది అక్క.

మైకు ఆమె నోటి దగ్గరే ఉంది. హాల్లో అందరికీ వినపడింది. ముందు వరసలో విలేకరులు తలలెత్తారు. ఖండనగారు లేచి నిలబడ్డారు. అక్క ఇంకా ఏదో చెప్పబోయింది. ఈలోగా మంత్రిగారు మైకు తన వైపు తిప్పుకుని, తడి కళ్ళతో జనం వైపు చూశారు.

“విన్నారా ఈ తల్లి మాట. ప్రభుత్వానికీ ప్రజలకీ మధ్య గోడ లేదంటోంది.”

మొట్టమొదట చప్పట్లు కొట్టింది ఖండనగారే. తరవాత హాలంతా కొట్టింది. అక్క గడియారం పట్టుకుని, చప్పట్లు ఆగితే చెబుదామని అక్కడే నిలబడింది. అవి ఆగేలోగా మురుగుకాలవ రోడ్డుని పిలిచారు.

ఆ రోజు వెళ్ళిన పత్రికా ప్రకటనకు ‘గోడ లేదు’ అన్నదే శీర్షిక. దాన్ని ప్రతి పత్రికా ఒక్క అక్షరం కూడా కొయ్యకుండా వేసింది.